దీపపు బల్ల దగ్గర సిన్నోవె

ఆ రేవులో ఎవరి చొక్కా గుండీ మంచులో పడిపోయినా, ఎవరి వలలో చిరుగు ఎక్కడుందో దొరక్కపోయినా "సిన్నోవెను పిలవండి" అనేవాళ్ళు. ఆమె వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఒకసారి చూసేది. తర్వాత వంగి, గుండీ తీసి చేతిలో పెట్టి వెళ్ళిపోయేది.

చేపల ఫ్యాక్టరీలో ఆమెది దీపపు బల్ల దగ్గర పని. బల్ల మీద అద్దపు పలక, దాని కింద తెల్లటి దీపాలు. ముళ్ళు తీసిన కాడ్ చేప ముక్కను ఆ పలక మీద పరిస్తే మాంసం లోపలినుంచి వెలుగుతుంది. అందులో చుట్ట చుట్టుకుని పడుకున్న పురుగు గోధుమరంగు నూలుపోగులా కనబడుతుంది. దాన్ని కత్తిమొనతో లేపి పారేసి, ముక్క చెదరకుండా ట్రేలో పెట్టి, ముందునుంచి నడిచిపోయే బెల్టు మీదికి వదలాలి. పని అంతే. అయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుగులోకి చూస్తూ, చల్లటి తడి చేతులతో చెయ్యాలి. పెళ్ళి చేసుకోకుండా, తల్లిని చూసుకుంటూ, సిన్నోవె తన వయసంతా ఆ బల్ల దగ్గరే గడిపింది.

ప్రతి మనిషి ట్రేలోనూ ఎవరి రంగు బిళ్ళ వాళ్ళది ఉంటుంది, తప్పు ఎవరిదో తెలియడానికి. సిన్నోవెది పసుపు బిళ్ళ. బెల్టు చివర తనిఖీ చేసేవాళ్ళు పసుపు బిళ్ళ కనిపిస్తే ఆ ట్రేను పట్టి చూడడం కూడా మానేశారు.

"మనం పురుగుల్ని వెతుక్కోవాలి. సిన్నోవె చూపు తగిలితే చాలు, అవే సిగ్గుపడి లేచి పోతాయి," అనేది ఎదుటి వరసలో గెర్డ. ఆ వరసలో అందర్నీ నవ్వించే బాధ్యత గెర్డది.

సిన్నోవెకు కుడిపక్కన ఆమె చెల్లెలు తూరిడ్ నిలబడేది. బెల్టు ఎడమనుంచి కుడికి నడుస్తుంది కాబట్టి అక్క వదిలిన ట్రేలన్నీ చెల్లెలి ముందునుంచే పోయేవి. తూరిడ్ నాలుగేళ్ళు చిన్నది, నోరు పెద్దది. మొగుడు పడవ మీద ఉంటే అక్క ఇంట్లో, మొగుడు ఇంట్లో ఉంటే కూడా అక్క ఇంట్లోనే కాఫీ తాగేది. రెండిళ్ళకూ మధ్య ఒక బాట అడ్డం, అంతే.

వాళ్ళ తల్లికి చివరి రోజుల్లో చూపు పోయింది. కిటికీ పక్కన కూర్చుని మేజోళ్ళు అల్లుతూ, ఎవరు వచ్చారో అడుగుల చప్పుడు బట్టి చెప్పేది. "ముసలితనం," అన్నారు అందరూ. "చలికాలమంతా చీకటి, వసంతమంతా మంచు మీద తళతళ. ఈ ఉత్తరాన కళ్ళు అంతకన్నా ఆగుతాయా?" అన్నారు. ఆమెను డాక్టరుకు చూపించాలని ఎవరికీ తోచలేదు. నొప్పి అనలేదు, కళ్ళు ఎర్రబడలేదు. నొప్పి లేనిదాన్ని జబ్బు అని ఎవరనుకుంటారు?

చూపు పూర్తిగా పోకముందే ఆ తల్లి ఒక పని చేసింది. పెద్దకూతురిని వెంటబెట్టుకుని కొండ వెనక బురదనేలకు తీసుకెళ్ళి, తన ముల్టె పళ్ళ చోటు చూపించింది. ముల్టె అంటే అక్కడి వాళ్ళకు ప్రాణం. నాచు మధ్య అరచేతి ఎత్తు మొక్క, మొక్కకు ఒకే పండు. పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా గట్టిగా ఉండి, పండితే తేనెరంగుకు తిరుగుతుంది. మంచి చోటు తెలిసినవాళ్ళు దాన్ని చావు దగ్గర పడేదాకా ఎవరికీ చెప్పరు, చెబితే ఒక్కరికే చెబుతారు. ఆగస్టు వచ్చిందంటే ఆ ఊళ్ళో మర్యాదస్తులు కూడా అబద్ధాలాడతారు.

"ఎక్కడికక్కా, బకెట్టు పట్టుకుని?" అని తూరిడ్ కిటికీలోంచి అరిచేది.

"చర్చికి."

"బకెట్టుతోనా?"

"పాపాలెక్కువయ్యాయి."

తూరిడ్ పగలబడి నవ్వేది. వెంటపడేది కాదు. చోటు తనకు చెప్పలేదన్న చిన్న ముల్లు మాత్రం మనసులో ఎక్కడో ఉండేది. సాయంత్రం అక్క ఒక పెద్ద గిన్నెడు పళ్ళు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళేది. ఆ ముల్లు మరుసటి ఆగస్టు దాకా నిద్రపోయేది.

సిన్నోవెకు తన కళ్ళలో తేడా తెలియనే లేదు. కాఫీ ఒకటి రెండుసార్లు కప్పు పక్కన పోసింది. తలుపు చెక్కకు భుజం కొట్టుకుంది. అక్షరాలు అలుక్కుపోతే సహకార దుకాణంలో సబ్బుల పక్కన వేలాడే కళ్ళజోళ్ళలోంచి ఒకటి పెట్టి చూసి కొనుక్కుంది. అది చాలకపోతే దానికన్నా ఎక్కువ నంబరుది. ఆ ఊళ్ళో అందరూ అంతే. జోళ్ళు దుకాణంలో దొరుకుతుంటే కళ్ళు చూపించుకోవడం దేనికి?

కళ్ళు పరీక్ష చేసే ఆయన ఏటా మార్చిలో బోటు మీద వచ్చి, సంఘం హాల్లో తన యంత్రాలు పెట్టుకుని కూర్చునేవాడు. కాడ్ దిగేది కూడా అప్పుడే. కాడ్ వచ్చిందంటే బల్ల దగ్గరనుంచి కదిలేవాళ్ళుండరు. "కాడ్ దినాల్లో పన్నునొప్పి కూడా సెలవు పెట్టాలి," అని అక్కడో మాట. ఆయన దగ్గరికి బడిపిల్లలు, పింఛనుదార్లు పోయేవాళ్ళు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఒక్కరూ పోలేదు.

ఒక ఆగస్టులో సిన్నోవె బురదనేలనుంచి సగం బకెట్టుతో తిరిగొచ్చింది.

"ఈ ఏడు కాపు లేదు," అంది చెల్లెలితో.

"లేకపోవడమేంటి? గెర్డ అయితే మొగుడికి మజ్జిగలోనూ ముల్టెలే, రొట్టెమీదా ముల్టెలే పెడుతోంది. వాడు పచ్చబడిపోతున్నాడు."

"నా చోట లేవు," అంది సిన్నోవె. ఆ మాటే నమ్మింది. తల్లి ఇచ్చిన చోటు ముసలిదైపోయిందనుకుని లోపల్లోపల బాధపడింది.

తర్వాతి చలికాలం చివర, కాడ్ మంచి ఊపు మీద ఉండగా, తూరిడ్ రేవు మీద గడ్డకట్టిన మంచులో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆమె చోట వేరే మనిషి వచ్చింది. తన ట్రేలు తను చూసుకునే కొత్త మనిషి.

ఆ వారం తిరక్కముందే సూపర్‌వైజర్ ఓస్వాల్, పెట్టెలు సర్దేచోట పట్టుబడ్డ ఒక ట్రే తీసుకుని వరసలోకి వచ్చాడు. పసుపు బిళ్ళ పైకి కనిపిస్తోంది. అతను మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడవలసి వస్తే చెవులు ఎర్రబడేవి.

"సిన్నోవె... ఇది నీదేనా?"

"బిళ్ళ నాదే."

"ఒకసారి చూడు."

అతను ముక్కను ఆమె బల్ల మీదే పరిచాడు. ఆమె చూసింది. తెల్లగా, శుభ్రంగా ఉంది.

"ఏముంది దీన్లో?"

ఓస్వాల్ వేలుపెట్టి చూపించాడు. వేలు పక్కన పురుగు ఉంది. వేలు జరిపాడు, అక్కడ ఇంకొకటి. ఆమె తల తిప్పి చూసేసరికి అవి ఎక్కడినుంచో వచ్చి పడినట్టు కనిపించాయి.

"ఒక్కరాత్రిలో నీ పురుగులకి సిగ్గు పోయిందేమే!" అంది గెర్డ, అలవాటు కొద్దీ. ఎవరూ నవ్వలేదు. గెర్డ కూడా తల వంచుకుని కత్తి తుడుచుకుంది.

"దీపాలు పాతబడ్డట్టున్నాయి," అంది సిన్నోవె.

దీపాలు మార్చారు. మర్నాడు మళ్ళీ అదే. ఆ మర్నాడు కొనుగోలుదారు దగ్గరనుంచి ఫిర్యాదు. ఓస్వాల్ ఆమెను పెట్టెలు సర్దేచోటికి మార్చాడు.

"కొన్నాళ్ళే," అన్నాడు, చెవులు ఎర్రగా చేసుకుని. "పట్నం వెళ్ళి కళ్ళు చూపించుకో. కాడ్ ఎక్కడికీ పోదులే."

కాడ్ దినాల్లో అలాంటి మాట ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎవరితోనూ అని ఉండరు. సిన్నోవెకు అప్పుడు భయం వేసింది.

పట్నంలో ఆస్పత్రికి పొద్దుటి బోటులో వెళ్ళింది. కళ్ళలో చుక్కలు వేశారు. నీలం దీపం ఉన్న చిన్న మొనను కంటికి ఆనించి, లోపలి ఒత్తిడి చూశారు. చూసిన నర్సు ఇంకోసారి చూసింది. ఆ తర్వాత చీకటి గదిలో ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, ఒక కన్ను మూసి, చేతిలో ఒక మీట పెట్టారు.

"మధ్యలో చుక్కనే చూస్తూ ఉండండి. చుట్టుపక్కల ఎక్కడ వెలుగు మిణుక్కుమన్నా మీట నొక్కండి. చూపు మాత్రం చుక్క మీదనుంచి కదల్చొద్దు."

సిన్నోవె లోపల్లోపల నవ్వుకుంది. తెల్లటి వెలుగులో చిన్న మచ్చను పట్టడం. ఇన్నేళ్ళుగా తను చేస్తున్నది ఇదేగా. వీపు నిటారు చేసుకుని కూర్చుంది. ఒక వెలుగు మిణికింది, నొక్కింది. ఇంకొకటి, నొక్కింది. తర్వాత ఏమీ రాలేదు. చూసింది. చుక్క అలాగే ఉంది. గిన్నె తెల్లగా, ఖాళీగా ఉంది. వేలు మీట మీద పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. యంత్రంలో ఏదో సన్నగా టిక్కుటిక్కుమంటోంది.

"అమ్మాయ్," అంది చివరికి, "ఇది ఆగిపోయినట్టుంది."

నర్సు యంత్రం వంక ఒకసారి వంగి చూసింది.

"లేదండీ," అంది మెల్లగా. "నడుస్తూనే ఉంది. చుక్కనే చూస్తూ ఉండండి."

డాక్టరమ్మ చిన్న వయసుది. కాగితం మీద రెండు గుండ్రటి బొమ్మలు చూపించింది. ఒకదాంట్లో సగానికి పైగా నలుపు. రెండోదాంట్లో విల్లులా వంగిన నల్లటి చార.

"దీన్ని గ్లకోమా అంటారు. కంటి లోపల చుండ్రులాంటి పొట్టు రాలి, నీరు బయటికి పోయే దారిని మూసేసింది. మన ఉత్తర తీరం వాళ్ళలో ఇది ఎక్కువే. ఒత్తిడి పెరిగి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. ఈ నల్లగా ఉన్నచోట మీకు కనిపించదు."

"నాకెక్కడా నల్లగా లేదే?"

"నల్లగా ఉండదు. అదే దీంతో చిక్కు. కనిపించని చోటును మెదడు చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది. చుట్టూ తెలుపుంటే తెలుపు."

సిన్నోవె తన ఒళ్ళో చేతుల వంక చూసుకుంది. చుట్టూ తెలుపుంటే తెలుపు. చుట్టూ నాచు ఉంటే నాచు. తల్లి చోటు ముసలిదవలేదు. పళ్ళు కాస్తూనే ఉన్నాయి.

"ఇక రాదా?"

"పోయింది రాదు. ఉన్నదాన్ని నిలుపుకుందాం. రోజూ సాయంత్రం మందు చుక్క వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. దానితో ఒత్తిడి దిగకపోతే ఆపరేషన్." ఆమె మళ్ళీ బొమ్మల మీదికి వంగింది. "ఏవైనా తేడాలు గమనించలేదా? మీరు చేసేది చూపుతో పని కదా. ఇంత పోవాలంటే అయిదారేళ్ళు పట్టి ఉంటుంది. పక్కన పనిచేసేవాళ్ళు కూడా ఏమీ అనలేదా?"

"లేదు. నా ట్రే ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది."

"అప్పుడే వచ్చి ఉంటే చాలావరకు నిలిచేది," అంది డాక్టరమ్మ, కాగితం మడుస్తూ. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అమ్మకి చూపు పోయింది. ముసలితనం అనుకున్నాం."

"తోబుట్టువులు?"

"ఒక చెల్లెలు."

"ఆమెను పంపండి. ఏ బాధా లేకపోయినా పంపండి. బాధ లేనప్పుడే రావాలి."

తిరుగు బోటులో సిన్నోవె ఏమీ ఆలోచించలేకపోయింది. కొండలు తెల్లగా ఉన్నాయి, నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. ఎదుటి సీటులో ఎవరో కూర్చున్నారు. ఆ మనిషి పక్కన ఇంకో మనిషి ఉన్నట్టు, ఆ రెండో మనిషి లేచి వెళ్ళేదాకా ఆమెకు తెలియలేదు. డాక్టరమ్మ చెప్పినవాటిలో ఒక్కటే పట్టుకుని ఇంటికి వెళ్ళింది: చెల్లెల్ని పంపాలి.

తూరిడ్ వంటింట్లో ఒంటిచేత్తో రొట్టె మీదికి జున్నుగడ్డ చెక్కుతోంది. కట్టుచెయ్యి బల్ల మీద దుంగలా పడి ఉంది. అక్క చెప్పిందంతా విన్నది. జున్ను చెక్కడం ఆపలేదు.

"పోయింది ఇక రాదా?"

"రాదట."

"వీళ్ళకేం తెలుసు, నిన్నగాక మొన్న చదువు ముగించి వచ్చిన పిల్లలకి."

"నువ్వు కూడా వెళ్ళాలట. తోబుట్టువులకి వస్తుందట."

"నాకేం రోగం? నేను వెళ్ళను."

"తూరిడ్."

"నేను వెళ్ళనక్కా. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"నేనూ అలాగే అనుకున్నాను."

"నీ సంగతి వేరు!" తూరిడ్ కత్తి కింద పడేసింది. ఆమె మొహం ఎర్రబడిపోయింది. భయమేస్తే ఆమెకు కోపం వచ్చేది, చిన్నప్పటినుంచీ అంతే. "నా కళ్ళకేమొస్తుందే? నా పురుగులతో పాటు నీ పురుగులు కూడా నేనే ఏరాను కదా ఇన్నేళ్ళూ!"

అన్నాక, ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అప్పుడే తెలిసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పొయ్యి మీద కాఫీ పొంగి, చుంయ్‌మని కాలి, వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"ఎప్పటినుంచి?" అంది సిన్నోవె.

"నాకు గుర్తులేదు."

"ఎప్పటినుంచే?"

"అమ్మ పోయిన తర్వాతి చలికాలం నుంచి. ముందు ఎప్పుడో ఒకటి. నువ్వు అలిసిపోయావనుకున్నాను. అమ్మకి చేసి చేసి అలిసిపోయావు కదా. ట్రే నా ముందునుంచి పోతుంటే ఊరికే కత్తిమొనతో లేపేసేదాన్ని, నిమిషం పట్టేది కాదు. తర్వాత ఎక్కువయ్యాయి." కట్టుచెయ్యిని దగ్గరికి లాక్కుంది. "చెబితే నిన్ను పెట్టెలకి మార్చేస్తారు. నువ్వు పసుపు బిళ్ళవి. నిన్ను చూసి నలుగురూ జాలిపడితే నేను చూడగలనా? నీకోసమే చేశానక్కా."

సిన్నోవె లేచింది. కోటు తొడుక్కుంది. కోటు చెయ్యి దొరక్క గాలిలో తడుముకుంది, తూరిడ్ సాయానికి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయింది. డాక్టరమ్మ అన్న రెండో మాట సిన్నోవె నాలుక చివర ఉంది. అప్పుడే వచ్చి ఉంటే చాలావరకు నిలిచేది. అనదలిస్తే ఇప్పుడే అనాలి. అనకుండా తలుపు తీసుకుని బయటికి నడిచింది.

ఆ తర్వాత రెండిళ్ళ మధ్య బాట మీద మంచు తొక్కుడు పడకుండా తెల్లగా ఉండిపోయింది. సిన్నోవె ఫ్యాక్టరీకి వెళ్ళి పెట్టెలు సర్దింది, ఇంటికొచ్చి సాయంత్రం మందు చుక్క వేసుకుంది. తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, వేలితో కంటి మూల నొక్కి పట్టుకుని కూర్చునేది. నొక్కిపెడితే మందు కంట్లోనే ఉంటుందని నర్సు చెప్పింది. అలా కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు ఆమెకు ఆ దృశ్యం కనిపించేది. బెల్టు నడుస్తోంది, తను వదిలిన ట్రే చెల్లెలి ముందుకు వెళుతోంది, చెల్లెలి కత్తిమొన ఒక్కసారి తళుక్కుమంటోంది, అంతే. ఆ తళుకు తనకు రోజూ కనబడవలసింది. తన పక్కనే. చెల్లెలు తనను కంటికి రెప్పలా కాచుకుంది. రెప్ప అలా మూసి ఉంచబట్టే తను ఏమీ చూడలేదు.

కోపం ఉంది. చాలా ఉంది. కానీ ఎంత తిప్పి చూసినా దాన్ని పట్టుకోవడానికి చోటు దొరకలేదు. దొంగతనం చేసినవాళ్ళ మీద కోప్పడొచ్చు. మన పని కూడా చేసిపెట్టినవాళ్ళ మీద ఎలా కోప్పడాలి?

మంచు కరిగి బాట బురదయ్యాక, ఒక ఆదివారం తూరిడ్ వచ్చింది. కట్టు తీసేశారు, చెయ్యి సన్నగా, పాలిపోయి ఉంది. అంతకుముందు ఎప్పుడూ తట్టని తలుపు తట్టింది.

"నువ్వు తలుపు తట్టే చుట్టానివి ఎప్పుడయ్యావు?" అంది లోపలినుంచి సిన్నోవె.

"నువ్వు రమ్మంటావో లేదోనని."

"లోపలికి రా. చలి వస్తోంది."

తూరిడ్ కూర్చోలేదు. "నాకు ఒంటరిగా వెళ్ళాలంటే భయంగా ఉందక్కా," అంది. "నువ్వొస్తావా?"

ఇద్దరూ పొద్దుటి బోటులో వెళ్ళారు. అదే నర్సు, అదే నీలం దీపం, అదే తెల్లటి గిన్నె. సిన్నోవె బయట బల్ల మీద కూర్చుని తలుపు సందులోంచి వింటూ ఉంది. మీట నొక్కిన చప్పుడు. మళ్ళీ నొక్కిన చప్పుడు. ఆగకుండా, చూరునుంచి వాన చుక్కలు పడుతున్నట్టు. ఒక్కొక్క చప్పుడికీ ఆమె గుండెలో ఏదో వదులవుతూ వచ్చింది. అదే సమయంలో ఏదో బిగుసుకుంటూ కూడా వచ్చింది. ఆ రెండోదానికి ఆమె సిగ్గుపడింది.

తూరిడ్ కంట్లోనూ ఆ పొట్టే ఉంది. ఒత్తిడి పెరిగి ఉంది. బొమ్మలో మాత్రం నలుపు ఎక్కడా లేదు.

"సరైన సమయానికి వచ్చారు," అంది డాక్టరమ్మ సంతోషంగా. "చుక్కలు వేసుకుంటూ, ఏటా రెండుసార్లు వచ్చి చూపించుకుంటూ ఉంటే మీ చూపు మీతోనే ఉంటుంది."

తూరిడ్ ధన్యవాదాలు చెప్పలేదు. ఏదో శిక్ష విన్నట్టు నిలబడిపోయింది.

తిరుగు బోటులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కాఫీ కప్పులు చల్లారిపోయాయి. రేవు దీపాలు కనిపిస్తుండగా తూరిడ్ అడిగింది.

"అక్కా. నేను అప్పుడే చెప్పి ఉంటే? నీది కూడా నిలిచేదా?"

ఈ ప్రశ్న వస్తుందని సిన్నోవెకు తెలుసు. జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకుంది: ఎవరికి తెలుసే, డాక్టర్లు ఏవేవో అంటారు. ఒక్క మాట అంటే పోతుంది, చెల్లెలు రాత్రి నిద్రపోతుంది. నోరు తెరిచాక ఆ మాట రాలేదు. అది కూడా ట్రేలోంచి పురుగును చప్పుడు చేయకుండా లేపేయడం లాంటిదే అనిపించింది.

"నిలిచేది," అంది. "చాలావరకు."

తూరిడ్ ఏడవలేదు. తన బూట్ల వంక చూసుకుంటూ తల ఊపింది. కొంచెం సేపటికి తన సన్నబడిన చేతిని అక్క ఒళ్ళో పెట్టింది. సిన్నోవె ఆ చేతిని తీసెయ్యలేదు. పట్టుకోనూ లేదు. బోటు రేవుకు తగిలి ఊగినప్పుడు మాత్రం పట్టుకుంది.

వేసవిలో తూరిడ్ బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళింది. పసుపు బిళ్ళను ఓస్వాల్ ఎవరికీ ఇవ్వలేదు. భోజనాల గదిలో గెర్డ సహకార దుకాణం కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని పత్రిక చదువుతుంటే తూరిడ్ దాన్ని లాగి జేబులో వేసుకుంది.

"ఏయ్! అదేంటే?"

"వచ్చే మార్చిలో సంఘం హాలుకి వెళ్ళి చూపించుకుని వచ్చాక ఇస్తాను."

"మార్చిలో కాడ్ ఎవరు కోస్తారు, మీ ఆయనా?"

"కాడ్ ఆగుతుంది."

"కట్టు తీశాక దీనికి నోరు ఇంకా పెరిగింది," అంది గెర్డ. కానీ జోడు అడగలేదు.

ఆగస్టులో ఒక పొద్దున సిన్నోవె బకెట్టు చేతిలో పట్టుకుని బాట దాటి చెల్లెలి ఇంటికి వెళ్ళింది.

"ఎక్కడికక్కా?" అంది తూరిడ్, ఆశ లేకుండా, అలవాటు కొద్దీ.

"నువ్వు కూడా ఒక బకెట్టు తెచ్చుకో."

తూరిడ్ అక్కను చూసి, లోపలికి వెళ్ళి బకెట్టు తెచ్చింది. కొండ వెనక్కి, రెండు బండల మధ్యనుంచి, వాగు వెంట నడిచారు. సిన్నోవె ముందు, తూరిడ్ వెనక. బాట తెలిసిన కాళ్ళకు కళ్ళతో అంత పని లేదు. అయినా ఒకచోట వేరు తగిలి సిన్నోవె తూలింది, చెల్లెలు పట్టుకుంది. తల్లి తనను ఇక్కడికి తెచ్చిన రోజున కూడా ఇలాగే ఒకసారి తూలిందని సిన్నోవెకు గుర్తొచ్చింది. అప్పుడు తను నవ్వింది.

బురదనేల అంతా కాపుతో నిండి ఉంది. తూరిడ్ బకెట్టు కింద పెట్టేసింది. నాచు మీద ఎవరో దీపాలు వెలిగించి పోయినట్టు ఉంది.

"ఎన్ని ఉన్నాయి?" అంది సిన్నోవె.

"చాలా ఉన్నాయక్కా. చాలా."

సిన్నోవె వంగి ఏరడం మొదలుపెట్టింది. తల మెల్లగా అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, దొరికిన పండు తీసి బకెట్టులో వేస్తోంది. ఆమె చెయ్యి ఒక పండును దాటి ముందుకు వెళ్ళింది. బాగా పండినది, చేతికి జానెడు దూరంలో. తూరిడ్ చెయ్యి తనంతట తానే దానివైపు సాగింది. వేళ్ళు ఆకుకు తగిలాయి. అక్కడే ఆగిపోయింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒకటి వదిలేశావక్కా," అంది. "నీ కుడిపక్క. ఇంకా కింద."

సిన్నోవె తల తిప్పింది. నాచు తప్ప ఏమీ లేని చోట, నాచులోంచి పండు బయటికి వచ్చింది.

"ఇదా?"

"అదే."

దాన్ని తెంపి బకెట్టులో వేసింది. కాసేపు అలాగే వంగి ఉండిపోయింది, అరచెయ్యి నాచు మీద ఆనించి.

"ఇంకోటుందా?" అంది.

"ఉంది," అంది తూరిడ్. "దాని వెనకాలే."